బూట్ డిస్కు కనబడనప్పుడు

కిందటి వానాకాలంలో శ్రీకాకుళంలోని ఒక చిన్న కార్యాలయంలో, రెండు రోజులు కరెంటు లేక ఆగిపోయిన సర్వర్‌ను మళ్లీ ఆన్ చేసినప్పుడు, నల్లటి తెర మీద బూట్ డిస్కు (సర్వర్ లేవడానికి కావలసిన ప్రోగ్రాములుండే డిస్కు) దొరకలేదన్న ఒక్క వాక్యం వచ్చి నిలిచిపోయింది. లెక్కలన్నీ పోయాయని అక్కడివారు బెంగపెట్టుకున్నారు. కానీ ఆ వాక్యానికి అర్థం, వెతికినవాడికి డిస్కు కనబడలేదని మాత్రమే. ఆ వెతికినవాడు ఎవరన్నది ముందు తేల్చుకోవాలి.

సర్వర్ లేచేటప్పుడు డిస్కును ముగ్గురు వరుసగా వెతుకుతారు: మదర్‌బోర్డులోనే నిలిచి ఉండే ప్రోగ్రాము ఫర్మ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించడానికి అది పిలిచే బూట్‌లోడర్, ఆపైన ఆ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్. గ్రబ్ అనే బూట్‌లోడర్ మెనూ దాకా వచ్చి ఆగిందంటే ఫర్మ్‌వేర్ తన పని ముగించినట్టే కాబట్టి, పెట్టె విప్పి కేబుళ్లు కదపడానికి ముందు, కెర్నల్‌కు డిస్కును నడిపే కంట్రోలర్ డ్రైవర్ అందిందా, డిస్కు విభాగపు యూయూఐడీ (దాన్ని గుర్తుపట్టే సంఖ్య) మారిందా అని చూడాలి. ఈ సర్వర్ అంతవరకూ రాలేదు.

ఫర్మ్‌వేర్ సెట్టింగులుండే సెటప్‌లోకి వెళ్లి చూస్తే డిస్కు పేరు, పరిమాణం సక్రమంగానే ఉన్నాయి. అంటే దానికి కరెంటు అందుతోంది, కేబులూ పనిచేస్తోంది. అదే తెర మీద ఓ మూల తేదీ మాత్రం చాలా ఏళ్లు వెనక్కి పోయి ఉంది. నా దృష్టిలో ఇలాంటి చోట అంతకు మించిన సాక్ష్యం లేదు. మదర్‌బోర్డు మీద రూపాయి నాణెమంత ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ గడియారాన్నీ సెట్టింగులనూ కాపాడుతుంది. 3 వోల్టులు ఉండవలసిన చోట మీటరు 2.1 చూపించింది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం బిళ్ల మీద భారం పెద్దగా పడదు గనుక దాని నీరసం బయటపడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత రోజుల తరబడి చీకట్లో గడిపిన ఈ జిల్లాలో అది బయటపడే సందర్భాలకు కొదవ లేదు.

బిళ్ల నీరసించడంతో ఆ మదర్‌బోర్డు ఫ్యాక్టరీ సెట్టింగులకు పోయి, బూట్ పద్ధతి పాతదైన లెగసీ నుంచి కొత్తదైన యూఈఎఫ్ఐకి మారింది. లెగసీ పద్ధతిలో ఫర్మ్‌వేర్ డిస్కు మొదటి సెక్టారులోని (మొట్టమొదటి ముక్కలోని) 512 బైట్లను చదివి, చివరి రెండు బైట్లలో 55, ఏఏ అనే గుర్తు ఉంటే ముందుకు సాగుతుంది. యూఈఎఫ్ఐ మాత్రం ఫ్యాట్ అనే ఫైల్ వ్యవస్థ ఉన్న ప్రత్యేక విభాగంలో బూట్ ఫైలు కోసం చూస్తుంది. పాత పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసిన ఆ డిస్కులో అలాంటి విభాగమే లేదు. (అనేక డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కార్డు ఉన్న సర్వర్లలో ఇలాంటప్పుడు డిస్కులను ఇనిషియలైజ్, అంటే కొత్తగా సిద్ధం, చేయమంటారా అని తెర అడిగితే ఒప్పుకోకూడదు, అంతవరకు భద్రంగా ఉన్న డేటా అప్పుడు పోతుంది.)

కొత్త బిళ్ల వేసి, తేదీ సరిచేసి, లెగసీని ఎంచుకోగానే సర్వర్ లేచింది. ఆ సెట్టింగులన్నీ కాగితం మీద రాసి, మూత లోపలి వైపు అంటించి వచ్చాను.