‘ఆథర్’ మాట వెనుక: అపోహలు - వాస్తవాలు

అపోహ: ‘ఆథర్’ గ్రీకు ‘ఆటో’ నుంచి వచ్చింది, స్వయంగా రాసేవాడని అర్థం.

వాస్తవం: మూలం లాటిన్ ‘ఔక్తోర్’. ధాతువు ‘ఔగేరె’, అంటే పెంచడం. మన ‘ఓజస్సు’ దీనికి చుట్టమే. పాట పెంచుకుంటూ పోయే ‘ఆక్షన్’ కూడా ఇక్కడిదే. రోమన్ చట్టంలో ఔక్తోర్‌కు కలంతో పనిలేదు. పొలం అమ్మినవాడు ఔక్తోర్. రేపు ఇంకెవరో ఆ పొలం నాదంటూ దావా వేస్తే, కొన్నవాడి పక్షాన నిలబడి హక్కు నిరూపించాల్సింది అతనే. పూచీ పడేవాడన్న ఈ అర్థం నుంచే ‘అథారిటీ’ వచ్చింది.

మరి ‘థ’ ఎక్కడిది? గ్రీకు మూలమున్న ‘అథెంటిక్’తో పోల్చుకుని మధ్యయుగపు లేఖకులు వర్ణక్రమంలో ‘హెచ్’ చేర్చారు. ఇంగ్లీషులో ఉచ్చారణ కూడా తర్వాత దాని వెంటే మారింది. పక్క భాషలు చూస్తే తేలిపోతుంది: స్పానిష్ ‘ఔతోర్’, ఐరిష్ ‘ఊదర్’, ఫ్రెంచి ‘ఓతర్’. ఎక్కడా ఆ ‘హెచ్’ లేదు.

అపోహ: ఏ భాషలోనైనా రచయిత అనే మాట ‘రాయడం’ నుంచే పుడుతుంది.

వాస్తవం: రష్యన్ ‘పిసాతెల్’ అలాగే పుట్టింది. జర్మన్ ‘డిష్టర్’ (కవి) మాత్రం చెప్పి రాయించడమనే లాటిన్ మాట నుంచి వచ్చింది. జర్మన్‌లో రచయితకు వాడే ‘ష్రిఫ్ట్‌ష్టెల్లర్’ మొదట్లో ఇతరుల కోసం దస్తావేజులు రాసిపెట్టేవాడు. అనువాదకులు ఎక్కువగా తడబడేది ‘ఉర్‌హేబర్’ (కృతిని సృష్టించినవాడు) దగ్గర. 1965 నాటి జర్మన్ కాపీరైట్ చట్టంలో ఈ మాట కిందికి ఫొటోగ్రాఫర్, స్వరకర్త, ప్రోగ్రామర్ కూడా వస్తారు. ఒప్పందంలో దాన్ని ‘రచయిత’ అని పెడితే వీళ్లందరూ ఎగిరిపోతారు. ‘కర్త’ అనడమే క్షేమం. ఫిన్నిష్‌లో కాపీరైట్ మాటలో ఉన్న ‘తెకియ’కు కూడా అర్థం చేసినవాడనే.

అపోహ: పాత స్పానిష్ నాటక పత్రాల్లో ‘ఔతోర్’ అంటే నాటకం రాసినవాడు.

వాస్తవం: 17వ శతాబ్దంలో ‘ఔతోర్ దె కొమేదియాస్’ అంటే నాటక సమాజం యజమాని. కవుల దగ్గర నాటకాలు కొని ఆడించేది అతనే. రాసినవాణ్ని ‘పొయెతా’ అనేవారు. ఈ తేడా మరిస్తే నాటకం వేరొకరి ఖాతాలో పడుతుంది.

అపోహ: ఫ్రెంచి స్త్రీలింగ రూపం ‘ఓత్రీస్’ ఈమధ్య కల్పించింది.

వాస్తవం: అది లాటిన్ ‘ఔక్త్రిక్స్’ నుంచి వచ్చింది, 16వ శతాబ్దపు ఫ్రెంచిలోనే ఉంది. మన ‘రచయిత్రి’లోని ‘త్రి’కీ దాని చివరి ప్రత్యయానికీ మూలం ఒకటే. మధ్యలో వాడుక తగ్గింది. వృత్తుల పేర్లకు స్త్రీ రూపాలను ఫ్రెంచి అకాడమీ 2019లో ఒప్పుకుంది. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్‌లో ‘ఓతర్’ చివర ‘e’ అక్షరం చేర్చి రాసే రూపం ఎక్కువ. పలకడంలో తేడా తెలియదు కనుక, ఆడియో విని అనువదించేటప్పుడు లింగం వేరే ఆధారంతో సరిచూసుకోవాలి.