బ్యాట్‌మ్యాన్ పక్కన రెండో పేరు చేరడానికి 76 ఏళ్లు

2015 సెప్టెంబరులో, బ్యాట్‌మ్యాన్ బొమ్మల కథలు (కామిక్స్) ప్రచురించే అమెరికా సంస్థ డీసీ ఒక చిన్న ప్రకటన చేసింది. ఇకపై బ్యాట్‌మ్యాన్ సృష్టికర్తగా బాబ్ కేన్ పేరుతోపాటు బిల్ ఫింగర్ పేరు కూడా వేస్తామన్నది దాని సారాంశం. అప్పటికి ఫింగర్ చనిపోయి 41 ఏళ్లు. బ్యాట్‌మ్యాన్ పుట్టి 76 ఏళ్లు.

అంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే 1939 దగ్గరికి వెళ్లాలి.

అంతకుముందు ఏడాదే సూపర్‌మ్యాన్ వచ్చాడు. పది సెంట్ల కామిక్స్ పుస్తకాలు విపరీతంగా అమ్ముడుపోతున్నాయి, అలాంటి హీరో ఇంకొకడు కావాలని పబ్లిషర్ల ఆరాటం. బాబ్ కేన్ అనే కుర్ర బొమ్మల ఆర్టిస్టు ఒక శుక్రవారం ఎడిటర్‌తో మాట్లాడి, సోమవారానికల్లా కొత్త హీరోతో వస్తానని మాటిచ్చాడు. గబ్బిలం పేరు పెట్టి ఒక బొమ్మ గీశాడు. దాన్ని స్నేహితుడు బిల్ ఫింగర్‌కి చూపించాడు. అప్పటికి ఫింగర్ చెప్పులు, బూట్లు అమ్మే ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో కేన్‌కి కథలు రాసి ఇచ్చేవాడు.

ఆ బొమ్మలో ఉన్నది ఇప్పుడు మనకు తెలిసిన బ్యాట్‌మ్యాన్ కాదు. ఒంటికి అతుక్కున్న ఎర్రటి దుస్తులు, కళ్ల మీద చిన్న పట్టీ, వీపుకి బిరుసైన రెక్కలు. ఫింగర్ ఆ పట్టీ తీసేసి తలంతా కప్పే ముసుగు పెట్టమన్నాడు. చెవులు నిక్కబొడుచుకుని ఉండాలి, కళ్లు తెల్లగా, శూన్యంగా కనిపించాలి. రెక్కల చోట కదిలితే రెక్కల్లా విచ్చుకునే కేప్ రావాలి, చేతులకి తొడుగులు ఉండాలి, ఎరుపు పోయి ముదురు బూడిద రంగు రావాలి. ఊహ కేన్‌దే, కాదనక్కర్లేదు. కానీ ఈ మార్పులు తీసేస్తే ఏం మిగులుతుందో ఎవరికి వాళ్లే ఊహించుకోవచ్చు.

'డిటెక్టివ్ కామిక్స్' పత్రిక 1939 మే సంచికలో వచ్చిన మొదటి కథ రాసింది ఫింగరే. ముసుగు వెనకున్న మనిషికి బ్రూస్ వేన్ అనే పేరు ఆయన పెట్టిందే. స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ నుంచి ఒక ముక్క, అమెరికన్ సైన్యాధికారి ఆంథొనీ వేన్ నుంచి ఇంకో ముక్క తీసుకున్నాడు. బ్యాట్‌మ్యాన్ ఉండే ఊరికి పేరు వెతుకుతూ టెలిఫోన్ డైరెక్టరీ తిరగేస్తుంటే 'గోథమ్' పేరుతో ఒక నగల దుకాణం కనబడింది. గోథమ్ సిటీ పుట్టింది అక్కడే. వింత విషయం ఏది కంటపడినా నోటు పుస్తకంలో రాసి పెట్టుకునేవాడు. అవే తర్వాత కథల్లో విలన్ల ఎత్తులయ్యేవి. రాయడం నిదానం, గడువులు దాటిపోయేవి. అయినా పాతికేళ్లపాటు బ్యాట్‌మ్యాన్ కథలు రాస్తూనే ఉన్నాడు.

మరి పేరు ఎందుకు లేదు? పబ్లిషర్‌తో కాంట్రాక్ట్ చేసుకున్నది కేన్ ఒక్కడే కాబట్టి. మొదట్లో ఫింగర్‌కి డబ్బిచ్చిందీ కేనే. కంపెనీ లెక్కలో అసలు ఫింగర్ లేడు. బ్యాట్‌మ్యాన్ సృష్టికర్తగా తన పేరే పడాలని కేన్ కాగితం మీద రాయించుకున్నాడు. ఫింగర్ అడగలేదు. రచయితకి పేజీకి ఇంత అని లెక్కగట్టి ఇచ్చి పంపేయడమే అప్పటి పద్ధతి. సూపర్‌మ్యాన్ హక్కుల్ని దాని సృష్టికర్తలు 130 డాలర్లకి అమ్ముకున్నారు. ఆ తర్వాత కోర్టుకెక్కితే వాళ్ల పేర్లే తీసేశారు.

1965లో న్యూయార్క్‌లో కామిక్స్ అభిమానుల సభ జరిగింది. ఫింగర్ అక్కడ మాట్లాడాడు. ఆయన చెప్పింది విన్న జెర్రీ బెయిల్స్ అనే అభిమాని, బ్యాట్‌మ్యాన్ వెనక ఉన్న అసలు రచయిత ఈయనే అంటూ వ్యాసం రాసి పంచాడు. కేన్ మండిపడ్డాడు. సృష్టికర్తని నేనొక్కడినే అంటూ పెద్ద బహిరంగ లేఖ రాశాడు. ఆ లేఖ గురించి ఎప్పుడు చదివినా మనసు చివుక్కుమంటుంది. పాతికేళ్లు పక్కన కూర్చుని కథలు రాసిచ్చిన స్నేహితుడి గురించి రాసిన మాటలు అవి.

1974 జనవరి 18న ఫింగర్ తన అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా చనిపోయాడు. వయసు 59. కొడుకు ఫ్రెడ్ ఆ చితాభస్మాన్ని ఆరెగాన్ సముద్ర తీరానికి తీసుకెళ్లి, ఇసుక మీద గబ్బిలం ఆకారంలో పోశాడు. అలలు వచ్చి తీసుకుపోయాయి.

1989లో రాసుకున్న ఆత్మకథలో కేన్ ఒప్పుకున్నాడు, ఫింగర్‌కి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదని. ఆ ఏడాదే వచ్చిన పెద్ద బ్యాట్‌మ్యాన్ సినిమాలో మాత్రం తెర మీద పడింది కేన్ పేరే. 1992లో ఫ్రెడ్ కూడా పోయాడు. ఇక అడిగేవాళ్లే లేరనుకున్నారు అందరూ. మార్క్ టైలర్ నోబుల్‌మన్ అనే బాలల రచయిత మాత్రం వదిలిపెట్టలేదు. ఫింగర్ జీవితం మీద పుస్తకం రాయడానికి ఏళ్ల తరబడి తిరుగుతూ, ఫ్రెడ్‌కి అథీనా అనే కూతురు ఉందని కనిపెట్టాడు. హక్కు అడగడానికి ఒక మనిషి దొరికింది. నోబుల్‌మన్ పుస్తకం 2012లో వచ్చింది. అథీనా తరఫున సంస్థతో మాటలు నడిచి, మూడేళ్లకి ఆ ప్రకటన వెలువడింది.

అందులోనూ ఒక మెలిక ఉంది. 'బాబ్ కేన్, బిల్ ఫింగర్' అని వేయలేదు, 'బాబ్ కేన్, బిల్ ఫింగర్‌తో కలిసి' అని వేశారు. నా దృష్టిలో అది ఇంకా సగం న్యాయమే.

న్యూయార్క్ బ్రాంక్స్‌లో పో పార్క్ అని ఉంది. ఇద్దరు స్నేహితులూ అక్కడే కూర్చుని కథలు అల్లుకునేవాళ్లు. 2017 డిసెంబరులో ఆ పార్కు దగ్గర 192వ వీధి మూలకి 'బిల్ ఫింగర్ వే' అని పేరు పెట్టారు. ఆయనకి సమాధి లేదు. పూలు పెట్టాలనుకున్న అభిమాని ఆ బోర్డు దగ్గరికే వెళ్లాలి.