డింగీ పందేల న్యాయనిర్ణయం: అపోహలు - వాస్తవాలు

డింగీ అంటే ఒకరో ఇద్దరో నడిపే చిన్న తెరచాప పడవ. పెద్ద ఛాంపియన్‌షిప్‌లో ఇలాంటివి వందకు పైగా బరిలో ఉంటాయి. పోటీలకు కొత్తగా వచ్చిన పిల్లలు, వారి తల్లిదండ్రులు జడ్జీలమైన మమ్మల్ని అడిగే ప్రశ్నలు చాలావరకు కొన్ని అపోహల నుంచే పుడుతుంటాయి. వరల్డ్ సెయిలింగ్ సంస్థ నాలుగేళ్లకొకసారి సవరించే నియమావళిలో ప్రస్తుతం అమల్లో ఉన్నది 2025-2028 కాలానికి సంబంధించినది. నా సమాధానాలకు అదే ఆధారం.

అపోహ: జడ్జీ ఫుట్‌బాల్ రెఫరీ వంటివారు, ప్రతి తప్పునూ చూసి అక్కడికక్కడే శిక్ష వేస్తారు.

వాస్తవం: అంపైర్లు పడవల వెంటే తిరిగి తీర్పు చెప్పే పద్ధతి రెండే పడవలు తలపడే మ్యాచ్ రేసింగ్‌లోనూ, జట్లు పోటీపడే టీమ్ రేసింగ్‌లోనూ ఉంది. అన్ని పడవలూ కలిసి బయలుదేరే ఫ్లీట్ రేసింగ్‌లో మాత్రం దారి హక్కుల నియమాలను అమలు చేసే బాధ్యత ముందుగా సెయిలర్లదే. ఉదాహరణకు, ఎడమ పక్క నుంచి గాలి అందుకుంటున్న పడవ, కుడి పక్క నుంచి అందుకుంటున్న పడవకు అడ్డు రాకూడదు. అడ్డు వచ్చానని గ్రహించిన సెయిలర్, ఎవరూ వేలెత్తి చూపకముందే, ఇతర పడవలకు దూరంగా జరిగి తన పడవను ఒకే దిశలో రెండు చుట్లు తిప్పి శిక్ష తీర్చుకోవాలి. అలా చేయకపోతే ఎదుటి సెయిలర్ వెంటనే ‘ప్రొటెస్ట్’ అని కేక వేసి, ఒడ్డుకు చేరాక గడువులోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తప్పు తెలిసినవారు తామే ముందుకొచ్చి శిక్ష తీసుకోవాలన్నది నియమావళి ఆరంభంలోనే ఉన్న మూలసూత్రం, నేను ఈ ఆటను ప్రేమించడానికి కారణం కూడా అదే.

అపోహ: ప్రొటెస్ట్ చేయాలంటే ఎర్ర జెండా తప్పనిసరి.

వాస్తవం: ఆరు మీటర్లు, అంతకు మించిన పొడవున్న పడవలకే ఆ నిబంధన వర్తిస్తుంది. ఒకరే నడిపే ఐఎల్‌సీఏ రకం డింగీ పొడవు 4.23 మీటర్లే కనుక కేక చాలు.

అపోహ: హారన్ మోగిన క్షణమే పందెం మొదలవుతుంది.

వాస్తవం: కాలానికి ప్రమాణం జెండాయే. శబ్ద సంకేతం అసలే రాకపోయినా ఆ లోపాన్ని పట్టించుకోరాదని నియమం స్పష్టంగా చెబుతోంది. దీని వెనుక భౌతిక కారణం ఉంది: శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, అర కిలోమీటరు పొడవున్న స్టార్ట్ లైన్‌లో అవతలి కొసన ఉన్న సెయిలర్‌కు హారన్ సుమారు ఒకటిన్నర సెకను ఆలస్యంగా వినిపిస్తుంది, ఆలోపు పడవ దాదాపు తన పొడవంత దూరం కదిలిపోతుంది.

అపోహ: పసుపు జెండా కేవలం హెచ్చరిక.

వాస్తవం: అది జడ్జీలం నీటిపైనే వేసే శిక్షే, మా పనిలో అన్నిటికన్నా బరువైన నిర్ణయం కూడా అదే. పడవ గాలితో, నీటితో మాత్రమే ముందుకు సాగాలన్నది 42వ నియమం. తెరచాపను పదేపదే లాగి వదలడం, ఒంటితో పడవను అటూ ఇటూ ఊపడం, చుక్కానిని తెడ్డులా బలంగా ఆడించడం దాని ప్రకారం నిషిద్ధం. అయితే అలపై జారడానికో, నీటిపై తేలి దూసుకుపోవడానికో పరిస్థితులు అనుకూలించినప్పుడు, గాలికి ఎదురుగా వెళ్లే దిశలో తప్ప, ఒక్కో అలకు లేదా ఒక్కో గాలి విసురుకు ఒకసారి తెరచాపను లాగవచ్చు. కొన్ని తరగతుల (పడవ రకాల) నియమాలు నిర్ణీత వేగానికి మించి గాలి వీచినప్పుడు ఇంకొంత సడలింపు ఇస్తాయి, అప్పుడు పందెం నిర్వహించే రేస్ కమిటీ ‘ఓ’ జెండా ఎగరేస్తుంది. కనుక ఒక కదలికను చూసిన వెంటనే నిర్ణయానికి రాలేము. అల ఎంత ఉంది, పడవ ఎటు వెళుతోంది, ఆ కుదుపు సెయిలర్ ఒంటి నుంచి వచ్చిందా, నీటి నుంచి వచ్చిందా అని గమనించాలి. ఒకే పడవలో ఉన్న జడ్జీలిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చాకే శబ్ద సంకేతమిచ్చి, ఆ పడవ వైపు జెండా చూపి, సెయిల్ నంబర్‌ను పిలుస్తాము. పెద్ద పోటీల్లో సాధారణంగా అమలయ్యే అనుబంధం ‘పీ’ ప్రకారం మొదటిసారికి రెండు చుట్ల శిక్ష, రెండోసారికి ఆ పందెం నుంచి తప్పుకోవడం. రేస్ కమిటీ సంకేతాన్ని గానీ తరగతి నియమాన్ని గానీ మేము విస్మరించిన సందర్భంలో తప్ప, ఈ శిక్షపై పరిహారం, అంటే ఫలితంలో సవరణ, దొరకదు. మా కంటిచూపుకు ఇంత అధికారం ఉన్నందువల్లే సందేహం మిగిలితే జెండా ఎత్తకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: విచారణలో కోచ్ గట్టిగా వాదిస్తే గెలుపు మనదే.

వాస్తవం: దారి హక్కుల వివాదంలో పక్షం తరఫున వచ్చేవారు, తగిన కారణం ఉంటే తప్ప, ఆ సమయంలో పడవలో ఉన్నవారే అయి ఉండాలి. సాక్షులు తమ వాంగ్మూలం ఇచ్చేటప్పుడు మాత్రమే గదిలో ఉంటారు. ఇరుపక్షాలు ఒకరినొకరు ప్రశ్నించవచ్చు. ముందుగా ఏం జరిగిందో నిర్ధారించి, ఆ తర్వాతే దానికి నియమాన్ని అన్వయిస్తాము. గొంతు పెంచడం కంటే పడవల మధ్య దూరాన్ని, గాలి దిశను స్పష్టంగా చెప్పగలిగిన సెయిలర్ మాటే మాకు ఉపయోగపడుతుంది.

అపోహ: గాలి దిశ మారి నష్టపోతే పరిహారం అడగవచ్చు.

వాస్తవం: గాలి మారడం ఆటలో భాగం. పరిహారం దక్కాలంటే, నిర్వాహకుల సరికాని చర్య లేదా లోపం వంటి, నియమావళిలో పేర్కొన్న కారణాల వల్ల, తన తప్పేమీ లేకుండా పడవ స్థానం గణనీయంగా దిగజారిందని తేలాలి. ఉదాహరణకు, సరిగ్గా బయలుదేరిన పడవ ముందే గీత దాటిందని రేస్ కమిటీ పొరపాటున నమోదు చేస్తే, ఆ సెయిలర్ గడువులోగా పరిహారం కోరాలి.