రంగు పరీక్ష నుంచి కూలీల లెక్క దాకా

గుంటూరు మిర్చి కొనే విదేశీ కంపెనీలు ఇప్పుడు కాయ నాణ్యత ఒక్కటే చూసి ఊరుకోవడం లేదు. ఈ కాయ ఎవరు కోశారు, వాళ్లలో పద్నాలుగేళ్లలోపు పిల్లలున్నారా, అడ్వాన్సు బాకీ కింద ఎవరైనా పనిచేస్తున్నారా, తొడిమలు తీసే ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా అని అడుగుతున్నాయి. అన్నిటికీ టిక్కులు పెట్టి పంపేయడం తేలికే. కానీ ఆ సంతకం రేపు కాంట్రాక్టులో భాగమవుతుంది. అందుకే ఈ విషయంలో లాయరు సలహా అవసరమైంది.

మన గుంటూరు మిర్చి యార్డుకు ఇలాంటి అనుభవం ఒకటి ముందే ఉంది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో తిండిలో వాడకూడని సూడాన్ రంగు కలిసిందని ఫ్రాన్స్‌లో బయటపడింది. యూరప్ ల్యాబ్ సర్టిఫికెట్ అడిగింది, మసాలా దినుసుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ స్పైసెస్ బోర్డు పరీక్ష తప్పనిసరి చేసింది. అప్పటి ప్రశ్న బస్తాలో ఏముందని. బస్తా వెనక ఎవరున్నారన్న ప్రశ్న వేరే దారిలో వచ్చింది.

ఆ దారి భోపాల్‌లో మొదలైందని నేననుకుంటాను. 1984లో గ్యాస్ లీకై వేలమంది చనిపోతే, అసలు కంపెనీ అమెరికాలో ఉంది, బాధితులు ఇక్కడున్నారు. తర్వాత ఢిల్లీ ఒలియం గ్యాస్ కేసులో, ప్రమాదకర పరిశ్రమ నడిపేవాళ్లకు నష్టం విషయంలో ఏ మినహాయింపూ లేదని సుప్రీంకోర్టు 1986లో తేల్చింది. కానీ అది నష్టం జరిగాక వచ్చే బాధ్యత. కీడు జరగకముందే కంపెనీ వెతికి చూసుకోవాలని 2011లో వ్యాపారం, మానవ హక్కులపై ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు చెప్పాయి. 2013లో ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అక్కడ ఏయే బ్రాండ్ల బట్టలు కుట్టారో రుజువు చేయడానికి శిథిలాల్లో లేబుళ్లు ఏరాల్సి వచ్చింది. కంపెనీలు ఇలా ముందే వెతికి చూసుకోవాలనే చట్టాలను 2017లో ఫ్రాన్స్, 2023 నుంచి జర్మనీ అమల్లోకి తెచ్చాయి. 2024లో యూరోపియన్ యూనియన్ కూడా చట్టం చేసి, మరుసటి ఏడాది దాని అమలు గడువును వాయిదా వేసింది. మన దగ్గర స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు ఇలాంటి బాధ్యతలపై నివేదిక తప్పనిసరి చేసింది.

ఇక చేలోకి వద్దాం. కోతల కాలంలో మన రాష్ట్రంలోనే ఉన్న కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు పల్లెలకు వస్తాయి. గట్టున చీర ఉయ్యాలలో పసివాడు, వాణ్ణి ఊపుతూ పదేళ్ల అక్క. కూలి కిలో లెక్కన అయితే, ఎండ వాలాక ఆ పిల్ల కూడా సాళ్లలోకి దిగుతుంది, తను కోసింది అమ్మ తూకంలో కలుస్తుంది. కూలీలను తెచ్చే మేస్త్రీ పుస్తకంలో అమ్మ పేరొక్కటే ఉంటుంది. కాగితం ప్రకారం పిల్లలెవరూ లేరు! 1979 వలస కార్మికుల చట్టం రాష్ట్రం దాటినవాళ్లకే కాబట్టి వీళ్లకు అక్కరకు రాలేదు. బాల కార్మికుల చట్టానికి 2016లో వచ్చిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదంది. సొంత కుటుంబం పనిలో సాయానికిచ్చిన మినహాయింపును ఇంకొకరి చేలో కూలికి సాకుగా చూపడం నా దృష్టిలో చెల్లదు.

అందుకే ఎగుమతిదారు ముందు మేస్త్రీతో కూర్చోవాలి. పెద్దవాళ్లు మాత్రమే కోసినా కనీస కూలి గిట్టేలా కిలో రేటు ఉందా అని లెక్క చూడాలి. పిల్లలకు బడి దగ్గర్లో ఉందా అని అడగాలి. కాంట్రాక్టులో "ఉల్లంఘన జరిగితే బాధ్యతంతా అమ్మకందారుదే" అన్న క్లాజు కనిపిస్తే అలాగే సంతకం పెట్టొద్దు. ఐక్యరాజ్యసమితి సూత్రాల ప్రకారం కొనేవాడికీ సొంత బాధ్యత ఉంది. కూలి పెంచితే ఆ ఖర్చులో కొనేవాడి వాటా ఎంతో, ధరలో ఎలా కలుస్తుందో అదే కాగితం మీద రాయించుకోవాలి.