సొరపువ్వు ఎన్నింటికి విచ్చుకుంటుంది?

మొదటి ఏడాది మా మిద్దె మీది సొరపాదు ఒక్క కాయ కూడా ఇవ్వలేదు. పాదుకేం లోటు లేదు. పందిరి నిండా తీగ, చేటలంత ఆకులు, చూసినవాళ్ల దిష్టి తగిలేంత ఏపు. వేలెడంత పిందెలు కనిపించేవి. నాలుగు రోజులు ఆశపెట్టి, కొస దగ్గర పసుపెక్కి, ముట్టుకుంటే చేతిలోకి రాలిపోయేవి. కుండీల్లో కూరగాయలు పెంచేవాళ్లు నాకు తెలిసినంతలో ఎవరున్నారో అందరినీ అడిగాను. సలహాలకు కొదవేముంది! పుల్ల మజ్జిగలో ఇంగువ కలిపి కొట్టమన్నారొకరు. తీగ కొస తుంచమన్నారొకరు. కింది ఫ్లాట్ ఆంటీ మాత్రం, "మన మిద్దెకి తేనెటీగలు రావట్లేదమ్మా. పొద్దున్నే లేచి మగ పువ్వు కోసి ఆడ పువ్వుకి నువ్వే అద్దు" అన్నారు. ఆవిడ గుమ్మడికి అలాగే చేస్తారు, కాయలు కూడా దండిగా కాస్తాయి.

సరే అని పదిహేను రోజులపాటు పొద్దున ఎనిమిదింటికల్లా కాఫీ గ్లాసుతో మిద్దె ఎక్కాను. ఎప్పుడు చూసినా సొరపువ్వులు నలిపి పడేసిన కాగితాల్లా ఉండేవి. వాటితోనే అద్దాను. పిందెలు మామూలుగానే రాలాయి. ఒకరోజు వాన మబ్బు పట్టిందని ఆరేసిన బట్టలు తీయడానికి సాయంత్రం ఆరు దాటాక పైకి వెళ్తే, పందిరంతా తెల్లగా వెలిగిపోతోంది. ఒక్కో పువ్వూ అరచేతంత విచ్చుకుని ఉంది. ఒక పెద్ద రెక్కల పురుగు గాల్లో నిలబడి ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి తిరుగుతోంది.

ఆంటీ చెప్పింది తప్పు కాదు. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. దోస, కీర, కాకర కూడా పొద్దుటి పూలే. సొర, పొట్ల అలా కాదు. అవి సాయంత్రం విచ్చుకుంటాయి, రాత్రంతా ఉండి మర్నాడు ఎండ ఎక్కేసరికి వడలిపోతాయి. వాటికి చుట్టాలు తేనెటీగలు కావు, చీకటి పడ్డాక తిరిగే రెక్కల పురుగులు. తెలుపు మసక వెలుతురులో కూడా కనిపిస్తుంది కాబట్టే ఆ పూలకు ఆ రంగు. ఇక బీర సంగతి మరీ వింత. బీర, నేతిబీర ఒకే కుటుంబమే కాదు, ఒకే ప్రజాతి, అక్కచెల్లెళ్ల లెక్క. అయినా నేతిబీర పొద్దున పూస్తుంది, బీర సాయంత్రం పూస్తుంది. అంటే "తీగజాతికి పొద్దున్నే అద్దాలి" అనే మాట సగం పందిళ్లకు పనికొస్తుంది, సగం పందిళ్లకు పనికిరాదు.

పిందె రాలిపోయిందని మనం అనుకుంటాం గానీ, నిజానికి అది ఇంకా పిందె కాదు. ఈ తీగల్లో ఆడ పువ్వు కిందనే అండాశయం బుల్లి కాయ ఆకారంలో ఉంటుంది. పువ్వు విచ్చుకోకముందు నుంచీ ఉంటుంది. పుప్పొడి అందితే లోపల గింజలు కడతాయి, ఆ గింజల్లో తయారయ్యే ఆక్సిన్ లాంటి హార్మోన్లు కాయని పెంచుతాయి. పుప్పొడి అందకపోతే మొక్క నాలుగు రోజులు చూసి వదిలేస్తుంది. గింజ లేని కాయకి తిండి పెట్టడం దానికి దండగ. కాబట్టి ఎరువులు ఎన్ని వేసినా ఆ బుల్లి కాయ నిలవదు. (పిందె మీద చిన్న గాటు, దాంట్లోంచి బంకలాంటి జిగురు కనిపిస్తే మాత్రం కథ వేరు. అది పండు ఈగ గుడ్లు పెట్టిన గుర్తు.)

తీగ కొస తుంచమన్న సలహా కూడా ఉత్తిది కాదు. సొరలో ప్రధాన తీగ మీద ఎక్కువగా మగ పూలే పూస్తాయి, ఆడ పూలు పక్క కొమ్మల మీద ఎక్కువ. తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఇప్పుడు అందరూ త్రీజీ కటింగ్ అని పిలిచేది దీన్నే. కానీ నా పాదుకి ఆడ పూల కొరత లేదు. ఉన్నవాటికి పుప్పొడి అందడమే కరువు. జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి.

అప్పట్నుంచి నాకొక పిచ్చి పట్టింది. ఎవరు ఏ సలహా చెప్పినా, అది వాళ్ల ఇంటి దగ్గర ఎందుకు పనిచేసిందా అని ఆరా తీయడం. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారేటప్పుడు సలహాలోంచి ఏదో ఒక చిన్న వివరం జారిపోతుంది. తీరా చూస్తే అసలు కీలకం దాంట్లోనే ఉంటుంది.

న్యూజెర్సీలో ఉండే మా వదిన చిక్కుడు కథ వినండి. ఇక్కణ్ణుంచి వెళ్లేటప్పుడు మా అత్తయ్య పందిరి చిక్కుడు గింజలు, వాటితోపాటు ఆవిడ పాఠం మొత్తం మూట కట్టించుకుని వెళ్లింది. మే నెలలో వేసింది. జులైకల్లా కంచె మొత్తం కప్పేసింది. ఆగస్టు వచ్చింది, ఒక్క పువ్వు లేదు. "నత్రజని ఎక్కువైందేమో, ఎరువు ఆపెయ్" అని నేనే చెప్పాను. ఆపేసింది. సెప్టెంబరు చివర్లో ఊదా రంగు పూలు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. వీడియో కాల్‌లో చూసి అందరం చప్పట్లు కొట్టాం. అక్టోబరులో ఒక రాత్రి మంచు పడి తీగంతా నల్లబడిపోయింది.

పందిరి చిక్కుడు పూయాలా వద్దా అనేది పగలు ఎంతసేపుందో చూసుకుని తేల్చుకుంటుంది. దీన్ని తేల్చిన కథ అమెరికాలోనే జరిగింది. గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడి వ్యవసాయ శాఖలో పనిచేసేవాళ్లు. మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవిలో తాటిచెట్టులా పెరుగుతూ పోయేది తప్ప పూసేది కాదు. అదే మొక్క చలికాలంలో గాజు గదిలో పెడితే పూసేది. ఎండ, వేడి, ఎరువు అన్నీ మార్చి చూశారు. చివరికి వేసవిలో మొక్కల్ని రోజూ సాయంత్రం ఎండ ఉండగానే చీకటి కొట్టంలోకి తోసి పగటిని కుదించారు. పూశాయి. 1920లో వాళ్లు ఆ ఫలితాలు ప్రచురించారు. 1938లో హామ్నర్, బానర్ అనే మరో ఇద్దరు ఇంకో అడుగు ముందుకేశారు. అలాంటి మొక్క కొలిచేది పగటిని కాదు, రాత్రిని. పొడుగాటి రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగించినా లెక్క తప్పి పూయడం మానేస్తుందని చూపించారు. అందుకే చిక్కుడు పందిరి మీద రాత్రంతా వీధిలైటు పడుతుంటే, పూత ఆలస్యమైతే, ఎరువు కన్నా ముందు ఆ లైటుని అనుమానించాలి.

హైదరాబాద్‌లో పెద్ద పగలు దాదాపు 13 గంటలు, చిన్న పగలు దాదాపు 11 గంటలు. న్యూజెర్సీలో జూన్ పగలు 15 గంటలు. అక్కడ చిక్కుడుకి కావలసినంత రాత్రి దొరికేది సెప్టెంబరులో, ఆ వెంటనే చలి. మన పండగలకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. సంక్రాంతికి కలగూరలో చిక్కుడు, రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం, చిక్కుడు ఆకుల్లో పరమాన్నం. రాత్రులు పొడుగైనప్పుడు పూసింది సరిగ్గా ఆ రోజులకి కాపులో ఉంటుంది. అత్తయ్య పాఠంలో పగటి లెక్క లేదు, ఉండాల్సిన అవసరమూ రాలేదు. మన దగ్గర అది పంచాంగంలోనే కలిసిపోయి ఉంది. పగటితో సంబంధం లేకుండా కాసే పొట్టి చిక్కుళ్లు కూడా ఉన్నాయి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్కా జయ్, అర్కా విజయ్ అలాంటివే. వదిన కంచెకి అవి సరిపోయేవి, గోంగూర కూడా సరిపోయేది. గోంగూర కూడా పగలు తగ్గాకే పూసే జాతే, కానీ మనకి కావలసింది ఆకు. పొడుగు పగళ్లలో పూయకుండా ఆకులే వేస్తానంటే కాదనేదెవరు?

టమాటాది వేడి గొడవ. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ మిద్దెల మీద పూత వస్తుంది, రాలిపోతుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చచ్చుబడిపోతుంది. మదనపల్లెలో ఎండాకాలం కూడా పండిస్తున్నారు కదా అంటారు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, సిమెంటు కప్పు మీద కాదు. ఆ నెలల్లో పూత నిలవడానికి మందులు కొనేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

మిరపలో "ముడత వచ్చింది, ఏం కొట్టాలి?" అనేది ఈ లోకంలో అందరికంటే ఎక్కువసార్లు వినపడే ప్రశ్న. దానికి జవాబులూ వెంటనే వచ్చేస్తాయి. ముడత ఎటు వైపు అని మాత్రం ఎవరూ అడగరు. మన రైతులకి దీనికి రెండు వేరు వేరు పేర్లే ఉన్నాయి. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే పై ముడత, అది తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి బోర్లించిన దోనెలా అయితే కింది ముడత, అది నల్లి పని. తామర పురుగుకి ఆరు కాళ్లు. నల్లికి ఎనిమిది, అది సాలీడు వైపు చుట్టం. (మంచంలో కుట్టే నల్లి వేరు, దానికి ఆరే.) పురుగుని చంపే మందుల్లో చాలావాటికి నల్లి లొంగదు, గంధకానికి లొంగుతుంది. ఇక ఆకులు చిన్నవైపోయి, గుబురుకట్టి, మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ అనుకోవాలి. దానికి మజ్జిగా లేదు, మందూ లేదు, పీకి దూరంగా పారేయడమే.

మజ్జిగ మీద నాకు కోపమేమీ లేదు. 1999లో బ్రెజిల్‌లో బెట్టియోల్ అనే శాస్త్రవేత్త నీళ్లలో కలిపిన ఆవుపాలు చల్లి జుకినీ (గుమ్మడికి చుట్టమైన కూరగాయ) ఆకుల మీద బూడిద తెగులు తగ్గుతుందని చూపించారు. గుమ్మడి, దోస ఆకుల మీద తెల్లటి పొడి చల్లినట్టు కనిపించేది అదే తెగులు. అక్కడ పాలకి, మజ్జిగకి చోటుంది. అక్కణ్ణుంచి అది మిరప ముడతకి, పిందె రాలుడుకి, సర్వరోగాలకి పాకిపోయింది.

ఆకు పసుపెక్కడం కూడా అంతే. ఏ ఆకు? ముదురు ఆకులు కింది నుంచి పసుపెక్కుతుంటే నత్రజని కరువు. అది మొక్కలో కదిలే పోషకం కాబట్టి, ముసలి ఆకుల్లోంచి లాగి లేత వాటికి పెడుతుంది. ఇనుము అలా కదలదు. అది కరువైతే లేత ఆకులే పాలిపోతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీతలు గీసినట్టు ఉంటాయి. బోరు నీళ్లు పోసే మిద్దెల మీద చాలాసార్లు చూసేది ఈ రెండోదే. ఆ నీళ్లలోని బైకార్బొనేట్ల వల్ల మట్టి క్షారం వైపు జరుగుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. దాని మీద "పొటాష్ ఉంటుంది, వెయ్" అని కట్టెల బూడిద వేస్తే మట్టి ఇంకా క్షారమవుతుంది. కేరళలో నేల పులుపు, అక్కడ సున్నం వేస్తారు, బూడిద వేస్తారు, వాళ్లకి అది మేలు. ఆ వీడియో చూసి ఇక్కడ వేశాను నేను. నా బెండ మొక్కలు నిమ్మపండు రంగుకి వచ్చాయి.

టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లితే గుడ్డు పెంకులు వేయమంటారు, కాల్షియం కరువని. కరువు నిజమే, కానీ చాలాసార్లు మట్టిలో కాదు, కాయలో. కాల్షియం నీటితో పాటే పైకెక్కుతుంది. ఆకులు నీటిని బాగా లాగుతాయి, కాయ అంతగా లాగదు. కుండీ ఒకరోజు ఎండిపోయి ఒకరోజు మునిగిపోతుంటే మొదట నష్టపోయేది కాయే. క్షారపు మట్టిలో పెంకు కరగడానికి నెలలు పడుతుంది. రోజూ ఒకే వేళకి నీళ్లు పోయడం దానికన్నా త్వరగా పనిచేస్తుంది.

సలహాల కన్నా మేం ఎక్కువగా పంచుకునేది గింజలు. దొండతో చిక్కు లేదు, కొమ్మ ఇస్తాం, అదే మొక్క వాళ్లింట్లో లేస్తుంది. టమాటా, చిక్కుడు తమ పుప్పొడితో తామే కాస్తాయి కాబట్టి దేశవాళీ రకమైతే గింజ దాదాపు తల్లిలాగే వస్తుంది. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే మాత్రం పిల్లలు నాలుగు తీర్లుగా వస్తాయి, మెండెల్ 1866లో బఠాణీల మీద రాసిన కథే ఇది. సొర, దోస లాంటివి పొరుగు పుప్పొడిని ఇట్టే తీసుకుంటాయి. కాకర పక్కన పెడితే సొర చేదెక్కుతుందని నాతో ఒకాయన గట్టిగా వాదించారు. సొరకీ కాకరకీ సంకరమే కుదరదు. చేదు సొరతో సంకరమైతే మాత్రం ఆ గింజ వేసిన తరంలో చేదు కాయలు రావచ్చు. ఆ చేదు కుకుర్బిటాసిన్లది, వండినా పోదు, ఒంటికి విషం. మన దేశంలో చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల కమిటీ కూడా చేదుగా ఉంటే తాగొద్దని చెప్పింది. అందుకే మా ఇంట్లో సొరకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని, చేదైతే ఊసేసి కాయ పారేస్తాం.

గింజ కోసం ఉంచే కాయకి నేనొక పని చేస్తాను. మర్నాడు విచ్చుకునే మగ మొగ్గకి, ఆడ మొగ్గకి ముందే దారం కట్టేస్తాను. మర్నాడు సాయంత్రం దారం విప్పి, అద్ది, మళ్లీ ఆడ పువ్వుని కట్టేస్తాను. పురుగులకి ప్రవేశం లేదు.

మొన్న అలాంటి కాయ గింజలు కాగితం పొట్లంలో కట్టి కింది ఆంటీకి ఇచ్చాను. పొట్లం మీద ఖాళీ లేకుండా రాశాను: సొర, దేశవాళీ. సాయంత్రం ఆరున్నర తర్వాత అద్దాలి. చేత్తో సంకరం లేకుండా కట్టిన కాయ. బోరు నీళ్లు. పడమటి ఎండ. బూడిద వేయొద్దు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ముందూ వెనకా తిప్పి మొత్తం చదివారు. "ఇంత రామాయణం రాశావు గానీ, ఏ నెలలో వేశావో రాయలేదేంటమ్మా?"