మంటలేని నరకం

తుర్క్‌మెనిస్తాన్‌లోని కారాకుమ్ ఎడారిలో, దర్వాజా దగ్గర ఒక పెద్ద గొయ్యి ఉంది. సుమారు 70 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల లోతు. దశాబ్దాలుగా మండుతూనే ఉంది. రాత్రిపూట తీసిన ఫొటో ఒక్కటి చూస్తే చాలు, దీన్ని నరక ద్వారం అని ఎందుకంటారో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 1971లో సోవియట్ ఇంజనీర్లు గ్యాస్ కోసం బోరు వేస్తుంటే నేల కుంగిపోయిందనీ, గ్యాస్ చుట్టుపక్కలకి పాకకుండా నిప్పంటించారనీ, కొన్నాళ్లకి అదే ఆరిపోతుందనుకున్నారనీ చెప్పుకుంటారు. కథ బాగానే ఉంది గానీ దాన్ని రుజువు చేసే రికార్డులు బయటపడలేదు.

అక్కడ మండేది ముఖ్యంగా మీథేన్. మండితే అది కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారుతుంది. మండకుండా అలాగే గాల్లో కలిస్తే, 20 ఏళ్ల లెక్కలో, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి గ్యాస్‌ని కట్టడి చెయ్యకుండా మంట మాత్రం ఆర్పేస్తే చేటు ఇంకా పెరుగుతుంది. ఇటీవలి ఏళ్లలో అక్కడి మంటలు బాగా తగ్గాయి. 2013లో జార్జ్ కురూనిస్ అనే కెనడా సాహసయాత్రికుడు వేడిని తట్టుకునే సూట్ వేసుకుని, తాళ్ల సాయంతో గొయ్యి అడుగుకి దిగి మట్టి తీసుకొచ్చాడు. ఆ మట్టిలో బాక్టీరియా నిక్షేపంగా బతుకుతున్నాయి.

నరకం అనగానే మంటలు, సలసల కాగే నూనె గుర్తొస్తాయి మనకి. నన్నడిగితే, మంట కనిపించే నరకంతో పెద్ద చిక్కు లేదు. దూరం నుంచే తెలుస్తుంది, మనిషి జాగ్రత్త పడతాడు. కనిపించని దాంతోనే వస్తుంది అసలు ప్రమాదం.

టర్కీలో పాముక్కలే పక్కన హైరాపోలిస్ అనే పురాతన నగరం శిథిలాలున్నాయి. పాతాళానికి అధిపతి అయిన ప్లూటో పేరు మీద అక్కడ ఒక గుడి, దానికి ఆనుకుని ఒక చిన్న గుహ ఉండేవి. పాతాళానికి అదే వాకిలి అని నమ్మేవాళ్లు. పూజారులు ఎద్దుల్ని అందులోకి నడిపిస్తే అవి క్షణాల్లో కుప్పకూలేవి. వెంట వెళ్లిన పూజారులు మాత్రం ప్రాణాలతో బయటికి వచ్చేవాళ్లు. చుట్టూ రాతిమెట్ల మీద కూర్చున్న జనానికి ఇంతకంటే పెద్ద మహిమ ఏముంటుంది? రెండు వేల ఏళ్ల కిందట స్ట్రాబో అనే గ్రీకు భూగోళ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి, లోపలికి పిచ్చుకల్ని విసిరి చూశాడు. అవి వెంటనే చచ్చి పడ్డాయి. పూజారులు ఊపిరి బిగబడుతున్నట్టున్నారని కూడా రాసుకున్నాడు. పరిశీలన అంటే అదీ!

ఆ గుహ దొరికిందని ఇటలీ పురాతత్వవేత్తలు 2013లో ప్రకటించారు. తవ్వకాల సమయంలోనూ అక్కడికొచ్చిన పక్షులు చచ్చిపోయేవి. తర్వాత జర్మన్ శాస్త్రవేత్త హార్డీ ఫాంజ్ బృందం గాలిని కొలిచి 2018లో ఫలితాలు ప్రచురించింది. గుహ ముఖద్వారం దగ్గర, నేల నుంచి ఎంత ఎత్తులో కొలిచారన్నదాన్ని బట్టి, కార్బన్ డయాక్సైడ్ 4 నుంచి 53 శాతం దాకా ఉంది. లోపల 91 శాతం దాకా. గాలిలో 10 శాతం దాటితేనే మనిషికి నిమిషాల్లో స్పృహ తప్పుతుంది.

భూమి పగుళ్లలోంచి పైకొచ్చే ఈ వాయువు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. అందుకే నేలని అంటిపెట్టుకుని, మడుగులో నీళ్లలా నిలబడుతుంది. పగలు ఎండ తగిలి, గాలి కదిలి కొంత చెదిరిపోతుంది. రాత్రంతా పేరుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున మహా ప్రమాదం. ఎద్దు ముక్కు ఆ మడుగులో మునిగితే, నిలబడిన పూజారి తల దానికి పైన ఉంటుంది. మహిమంతా ఆ ఎత్తులోనే ఉందన్నమాట. పూజారులకి ఈ సంగతి కొంతైనా తెలిసే ఉంటుందని నా అనుమానం.

ఇదే వాయువు 1986 ఆగస్టు 21 రాత్రి కామెరూన్‌లో నియోస్ సరస్సు అడుగు నుంచి ఒక్కసారిగా పొంగి, లోయల్లోకి జారింది. నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే సుమారు 1,700 మంది చనిపోయారు. చూడ్డానికి అదొక అందమైన కొండ సరస్సు, అంతే. ఆ తర్వాత అడుగు దాకా గొట్టాలు దించి, వాయువు కొంచెం కొంచెంగా బయటికి పోయే ఏర్పాటు చేశారు.

మరోపక్క, పేరు వింటేనే హడలెత్తించే జీవులున్నాయి. వాంపైరోట్యూథిస్ ఇన్‌ఫెర్నాలిస్, అంటే నరకపు రక్తపిశాచి స్క్విడ్, అని 1903లో ఒక సముద్రజీవికి పేరు పెట్టారు. నల్లటి ఒళ్లు, పెద్ద కళ్లు, చేతుల మధ్య గొడుగులా పొర చూసి కాబోలు. తీరా 2012లో తేలిందేమిటంటే అది ఎవరి రక్తమూ తాగదు. ఆక్సిజన్ అంతంతమాత్రంగా ఉండే లోతుల్లో తేలుతూ, పైనుంచి రాలే చెత్తాచెదారం తిని బతుకుతుంది. ఇక దక్షిణాఫ్రికా బంగారు గనిలో, 1.3 కిలోమీటర్ల లోతున, మెఫిస్టో అని సైతాను దూత పేరు పెట్టిన పురుగు 2011లో వెలుగులోకి వచ్చింది. పొడవు అర మిల్లీమీటరు!

భూమి తొలినాళ్లదీ ఇదే గొడవ. 400 కోట్ల ఏళ్లకి ముందు కాలాన్ని హేడియన్ అంటారు. గ్రీకుల పాతాళం హేడిస్ పేరు మీద, అంతా లావా మయమై ఉంటుందనుకుని, 1972లో ప్రెస్టన్ క్లౌడ్ అనే అమెరికా భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరు. కానీ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల్లో కొన్నిటి వయసు సుమారు 440 కోట్ల ఏళ్లు. వాటిలోని ఆక్సిజన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు, ఏ పాళ్లలో ఉన్నాయో చూస్తే అప్పటికే నీళ్లు ఉండి ఉంటాయని చాలామంది శాస్త్రవేత్తలు అంటున్నారు.

ఆకాశంలోనూ పేర్లు తారుమారే. పాతాళాధిపతి పేరున్న మరుగుజ్జు గ్రహం ప్లూటో మీద మైనస్ 230 డిగ్రీల చలి. ప్రేమదేవత పేరున్న శుక్రగ్రహం మీద 460 డిగ్రీల పైన వేడి, మన గాలి ఒత్తిడికి 90 రెట్లు ఒత్తిడి, మేఘాల నిండా సల్ఫ్యూరిక్ ఆమ్లం. అక్కడి గాలిలో 96 శాతం ఆ హైరాపోలిస్ గుహలో పిచ్చుకల్ని చంపిన వాయువే. 1982లో అక్కడ దిగిన సోవియట్ అంతరిక్ష నౌక వెనెరా 13ని 32 నిమిషాలు పనిచేస్తే చాలని తయారుచేశారు. అది 127 నిమిషాలు పనిచేసి, రంగుల ఫొటోలు కూడా పంపింది.