పెంపుడు టరాంటులాకు బతికున్న పురుగులే వేయాలా? అపోహలు - వాస్తవాలు

నేను టెక్సస్‌లో డాలస్ దగ్గర పనిచేసే పశువైద్యురాలిని. కుక్కలు, పిల్లులు తప్ప మిగతావన్నీ నా దగ్గరికి వస్తాయి. చిలకలు, తాబేళ్ళు, కుందేళ్ళు, పాములు, కొన్నేళ్ళుగా టరాంటులాలనే వెంట్రుకల పెద్ద సాలీళ్ళు కూడా. వాటిని తెచ్చేవాళ్ళలో మన తెలుగు కుటుంబాలు పెరుగుతున్నాయి. మొరగదు, వాకింగ్‌కు తిప్పక్కర్లేదు, ఇండియా వెళ్ళినప్పుడు పక్కింటివాళ్ళకు అప్పగించినా వాళ్ళకు పెద్ద పనుండదు అని పెద్దవాళ్ళు ఒప్పుకుంటారు. దాని తిండి కోసం ఇంట్లో కీచురాళ్ళ డబ్బా పెట్టుకోవాలన్న సంగతి ఆ తర్వాత తెలుస్తుంది.

"మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదండీ డాక్టరుగారూ. వీడేమో బతికున్న పురుగును దాని ముందు వేసి చూస్తూ కూర్చుంటాడు. పాపం కాదూ?" అని ఒకావిడ అడిగారు. పక్కనున్న కొడుకు "అమ్మా, అది నేచర్" అన్నాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. టరాంటులా మాంసాహారి, దానికి పప్పన్నం పెట్టలేం. అలాగని గాజుపెట్టెలో జరిగేదాన్ని ప్రకృతి అనలేం. అక్కడ సాలీడు నుంచి పారిపోయే దారి కీచురాయికి లేదు. కీచురాయి నుంచి తప్పుకునే దారి సాలీడుకూ లేదు. ఈ రెండో సంగతి చాలామందికి తట్టదు. నా దగ్గరికి వచ్చే గాయాలు చాలావరకు దానివల్లే.

అపోహ: కదిలే ఎర అయితేనే టరాంటులా తింటుంది, చచ్చినదాన్ని ముట్టుకోదు.

వాస్తవం: ఎక్కువభాగం ముట్టుకుంటాయి. టరాంటులాకు ఎనిమిది కళ్ళున్నా చూపు అంతంతమాత్రం. నేల అదురును, గాలి కదలికను ఒంటిమీది వెంట్రుకలతో పసిగడుతుంది. కాళ్ళ చివర్లతోనే రుచి కూడా చూస్తుంది. అందుకే అప్పుడే చంపిన కీచురాయిని పొడవాటి పట్టకారుతో ముందుకాళ్ళ దగ్గర కాస్త కదిపితే చాలు. కొన్నింటికి ఆ కదపడం కూడా అక్కర్లేదు. కలుగు ముందు పెట్టి వదిలేస్తే చీకటి పడ్డాక వచ్చి తీసుకుంటాయి. గోరంత కూడా లేని పిల్ల సాలీళ్ళను చాలామంది కీచురాయి కాలో, మీల్‌వార్మ్ (ఒక రకం పెంకుపురుగు లార్వా) ముక్కో పెట్టే పెంచుతారు. చచ్చినది తినదనే మాట నిజమైతే అవి ఏవీ పెద్దవయ్యేవి కావు.

మొండివి లేవని కాదు. ఎన్నిసార్లు పెట్టినా చచ్చినదాన్ని తోసేసేవి ఉన్నాయి. వాటికి బతికున్నదే వేయమంటాను, పక్కన కూర్చునే ఓపిక ఉంటేనే. చచ్చిన ఎరను ముట్టకపోతే మర్నాటికల్లా తీసేయాలి. లేకపోతే బూజు పడుతుంది, మైట్లనే సూక్ష్మ పురుగులు చేరతాయి, చిన్న ఈగలు ముసురుతాయి. డబ్బాల్లో అమ్మే ఎండు కీచురాళ్ళు మాత్రం రోజువారీ తిండికి పనికిరావు. టరాంటులా ఒంటికి కావలసిన నీరు చాలావరకు ఎరలోంచే వస్తుంది, ఎండినదాంట్లో అది ఉండదు. ఫ్రీజర్‌లోవి పూర్తిగా కరిగించి పెడితే నయం.

అపోహ: రాత్రి కీచురాయిని వేసి పడుకుంటే చాలు, ఆకలైనప్పుడు అదే తింటుంది.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించే అపోహ ఇదే. టరాంటులా పెరగాలంటే కుబుసం విడవాలి. అందుకు రోజుల ముందు, ఒక్కోసారి వారాల ముందు నుంచే తిండి మానేస్తుంది. ఒంటి రంగు మసకబారుతుంది. అమెరికా ఖండాల జాతుల్లో పొట్టమీద వెంట్రుకలు ఊడిన చోటు ఉంటే అది నల్లబడుతుంది. ఆ తర్వాత కింద పలచగా పట్టు పరుచుకుని వెల్లకిలా పడుకుంటుంది. (చచ్చిపోయిందని ఏడుస్తూ ఫోన్ చేసేవాళ్ళున్నారు. దయచేసి కదపకండి, తిరగేయకండి.) పెద్ద సాలీడుకు ఇదంతా ముగియడానికి గంటలు పడుతుంది. పాత తొడుగు లోంచి బయటపడ్డాక ఒళ్ళంతా మెత్తగా, కోరలు తెల్లగా ఉంటాయి. తెలుపు ఎరుపై, ఎరుపు నలుపయ్యేదాకా అది దేన్నీ కరవలేదు. ఆ సమయంలో పెట్టెలో ఆకలిగా, దాహంగా తిరుగుతున్న కీచురాయి ఉంటే ఎవరు ఎవరికి ఎర అవుతారో ఊహించుకోండి.

ఒక కుర్రాడు తెచ్చిన కర్లీ హెయిర్ టరాంటులా ఇప్పటికీ కళ్ళముందు ఉంది. వీకెండ్‌కు ఊరెళ్తూ "తింటుందిలే" అని గుప్పెడు కీచురాళ్ళు వదిలి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కుబుసం ఒకవైపు, సాలీడు ఒకవైపు. కాలి కీళ్ళ దగ్గర కొరికిన గుర్తులు, పొట్ట పక్కన గుండుసూది మొనంత రంధ్రం. సాలీడు రక్తం ఎర్రగా ఉండదు, లేత నీలం ఛాయతో నీళ్ళలా కారుతుంది. మన కాళ్ళు చాచేది కండరాలే. టరాంటులా ముఖ్యమైన కీళ్ళను చాచేది మాత్రం ఆ ద్రవం ఒత్తిడి. అది కారిపోతే కాళ్ళు లోపలికి ముడుచుకుపోతాయి. బల్లమీద పెట్టేసరికే రెండు కాళ్ళు అలా ముడుచుకుని ఉన్నాయి. రంధ్రం చుట్టూ తడి అద్ది ఒక చుక్క గ్లూ వేసి మూశాం. అది బతికింది. పొట్ట చిట్లి వచ్చినవి చాలావరకు బతకవు. కాలు ఊడితే తర్వాతి కుబుసాల్లో మళ్ళీ మొలుస్తుంది, పొట్టకు ఆ వెసులుబాటు లేదు.

కాబట్టి నేను చెప్పేది ఇంతే. బతికున్నది వేస్తే పావుగంట, మహా అయితే అరగంట చూడండి. పట్టకపోతే తీసేయండి. తిండి మానేసిన సాలీడు ముందు మళ్ళీ మళ్ళీ ఎర వేసి టెన్షన్ పడకండి. కుబుసం విడిచాక పెద్దవాటికి వారం పది రోజులు ఆగి, కోరలు నల్లబడ్డాయని చూసుకున్నాకే పెట్టండి. నీళ్ళ గిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి.

అపోహ: సూపర్‌వార్మ్ (ఎరగా అమ్మే పెద్ద పెంకుపురుగు లార్వా) తల చిదమకుండా వేస్తే, అది సాలీడు పొట్ట తొలుచుకుని బయటికి వస్తుంది.

వాస్తవం: రాదు. టరాంటులా దేన్నీ మింగదు. ఎరను కోరలతో నలిపి, జీర్ణరసాలు దానిమీదికి వదిలి, ద్రవమైనదాన్ని పీల్చుకుంటుంది. చివరికి మిగిలే చిన్న ఉండను పారేస్తుంది. పొట్టలోకి బతికున్నదేదీ వెళ్ళే మార్గమే లేదు.

సూపర్‌వార్మ్ ప్రమాదం వేరే. అది మట్టిలోకి దూరి దాక్కుంటుంది, దవడలు గట్టివి. వారం తర్వాత, సాలీడు మెత్తగా ఉన్నప్పుడు, పైకి వస్తే పై కథే మళ్ళీ. అందుకే తల చిదమమంటారు. అది సాలీడు క్షేమం కోసం చేసే పని, పురుగు మీద దయ అనుకోకండి. పురుగుల నరాల ముడులు తల నుంచి పొట్టదాకా వరసగా ఉంటాయి. తల ఒక్కటే నొక్కితే అది వెంటనే చచ్చినట్టు కాదు, కాళ్ళు ఆడుతూనే ఉంటాయి. చంపాలనుకుంటే తల, ఛాతీ కలిపి ఒక్క నొక్కుతో పూర్తిగా చిదిమేయాలి. చెప్పడానికి నాకూ బాగాలేదు, కానీ సగం చంపి వదిలేయడం కన్నా అదే మేలు.

అపోహ: పురుగులకు నొప్పి తెలియదు, కాబట్టి ఇందులో తప్పొప్పుల చర్చే లేదు.

వాస్తవం: ఇంత ధీమాగా చెప్పే రోజులు పోయాయి. 2022లో మటిల్డా గిబ్బన్స్, లార్స్ చిట్కా తదితర శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలు సమీక్షించారు. ఎదిగిన బొద్దింకల్లో, ఈగల్లో నొప్పి ఉందనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయన్నారు. కీచురాళ్ళు, మిడతల జాతిలో ఆధారాలు కాస్త తక్కువ, కానీ తోసిపుచ్చేంత తక్కువ కాదు. అదే ఏడాది బ్రిటన్ తెచ్చిన జంతు సంవేదన చట్టంలోకి వెన్నెముక లేనివాటిలో ఆక్టోపస్ జాతి, పీతలు, రొయ్యల జాతి చేరాయి. పురుగులు చేరలేదు, సాలీళ్ళూ చేరలేదు. చట్టం ఆగిన చోట మనం ఆగాలని లేదు.

అయితే "పాపం కాదూ" అని అడిగిన ఆ అమ్మగారితో నేనన్న మాట వేరే. కీచురాయి బాధ మొదలయ్యేది సాలీడు కోర దిగినప్పుడు కాదు. ఆకలిగా ఉన్న టరాంటులా చేతికి చిక్కితే దాని పని త్వరగానే అయిపోతుంది. అంతకు ముందు ప్లాస్టిక్ డబ్బాలో గడిపిన రోజులు ఎవరి లెక్కలోకీ రావు. కొని తెచ్చి, ఫ్రిజ్ పక్కన పెట్టి, మరచిపోతారు. తిండీ నీళ్ళూ లేక అవి ఒకదాన్నొకటి తినడం మొదలుపెడతాయి. మూత తీస్తే కుళ్ళు వాసన. డబ్బాలో కోడిగుడ్ల అట్ట, దాక్కోవడానికి చోటు, ఒక క్యారెట్ ముక్క, కాస్త ఓట్స్ పెట్టి, చచ్చినవాటిని రోజూ తీసేస్తే చాలు. కడుపు నిండిన కీచురాయి సాలీడును కొరికే అవకాశమూ తగ్గుతుంది. వారానికి ఒకటి రెండు చాలినచోట పెద్ద డబ్బా కొనకండి.

అపోహ: అప్పుడప్పుడూ చిట్టెలుక వేస్తే త్వరగా పెరుగుతుంది.

వాస్తవం: అవసరం లేదు. నేను ఒప్పుకోను కూడా. పెద్ద టరాంటులాలు అడవిలో దొరికితే చిన్న బల్లినీ, కప్పనూ, ఎలుకపిల్లనూ పట్టవచ్చు. పెట్టెలో వాటి ఎదుగుదలకు పురుగులే సరిపోతాయి. ఎలుక కరుస్తుంది, తప్పించుకోలేక చాలాసేపు యాతన పడుతుంది. తిన్నాక మిగిలింది కుళ్ళి ఇల్లంతా కంపు. ఈ పని చేసేవాళ్ళలో నేను చూసినంతవరకు ఎక్కువమంది చేసేది వీడియో కోసమే. తేలునూ జెర్రినీ వేసి "ఎవరు గెలుస్తారు" అని పెట్టేవాళ్ళదీ అదే దారి.

ఇండియాలో ఉన్నవాళ్ళకు ఒక మాట. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో జంతువంటే మనిషి కాని ఏ ప్రాణైనా. కేవలం వినోదం కోసం ఒక ప్రాణిని మరోదానికి ఎర అయ్యేలా బంధించడం, ఒకదాన్ని మరోదానిమీదికి పోట్లాటకు ఉసిగొల్పడం సెక్షన్ 11 కింద నేరం. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ అంకె చూసి నవ్వొస్తుంది, నిజమే.

అపోహ: ఎర మీద కాల్షియం పొడి చల్లాలి. వాస్తవం: అది బల్లులకు. టరాంటులాకు ఎముకల్లేవు. దాని పైతొడుగు పీత చిప్పలా కాల్షియంతో గట్టిపడినది కాదు, కైటిన్ అనే గట్టి పదార్థంతో, ప్రోటీన్లతో అయినది. కీచురాయికి మంచి తిండి పెడితే అదే చాలు.

అపోహ: ఎంత తింటే అంత ఆరోగ్యం. వాస్తవం: పొట్ట బెలూన్‌లా ఉబ్బిన టరాంటులా గోడెక్కి జారిపడితే పొట్ట పగులుతుంది. పెద్దదానికి వారానికో పది రోజులకో ఒకటి చాలు. చిలీ రోజ్ జాతి నెలల తరబడి తినకుండా ఉండి, మళ్ళీ ఏమీ జరగనట్టు తింటుంది. ఎర పొడవు సాలీడు ఒంటి పొడవును మించకూడదు.

అపోహ: పెరట్లో పట్టినవి సహజమైనవి, కొన్నవాటికన్నా మంచివి.

వాస్తవం: ఇక్కడ లాన్‌కు మందు కొట్టని వీధి అరుదు. ఆంధ్ర, తెలంగాణల్లో పత్తి, మిరప చేల పక్కన పట్టిన మిడత సంగతి చెప్పక్కర్లేదు. పురుగుమందు పడిన పురుగు ఆ రోజు చావకపోవచ్చు, కానీ దాన్ని తిన్న సాలీడుకు కాళ్ళు వణకడం, నిలకడ లేకుండా నడవడం మొదలైతే నా దగ్గర విరుగుడు లేదు. ఇంట్లో బొద్దింకల జెల్ పెట్టినవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. పైగా బయటి పురుగుల్లో పరాన్నజీవులు ఉంటాయి. టరాంటులాలకు నులిపురుగుల బెడద కూడా ఉంది. పెంపకందారు దగ్గర చచ్చిపోయిన టరాంటులాల్లో దొరికిన టరాంటోబెలస్ జెఫ్‌డేనియల్సి అనే కొత్త జాతిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ పరిశోధకులు 2022లో వర్ణించారు. తిండి మానేసి, నోటి దగ్గర తెల్లటి పదార్థం కనిపిస్తే ఆ సాలీడును మిగతావాటి నుంచి వెంటనే దూరం పెట్టండి. దాని పట్టకారును ఇంకోదానికి వాడకండి.

అపోహ: మచ్చికైంది, చేత్తోనే తినిపించవచ్చు.

వాస్తవం: టరాంటులాకు యజమాని అంటూ ఎవరూ లేరు. ఆకలిగా ఉన్నప్పుడు దగ్గర కదిలేది ఎరే. పట్టకారు కూడా రబ్బరు మొనదైతే మంచిది, ఇనుపదాన్ని కరిస్తే కోర విరగవచ్చు. అమెరికా ఖండాల జాతులు చిరాకు పడితే వెనక్కాళ్ళతో పొట్టమీది వెంట్రుకలు రాల్చి గాల్లోకి విసురుతాయి. బ్రిటన్‌లోని లీడ్స్‌లో పెట్టె కడుగుతున్న ఒకతని కంట్లో అవి దిగిన కేసు 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. చిన్నపిల్లల ముఖం పెట్టె మూతకు దూరంగా ఉండాలి.

మన వైపు జాతుల్లో ఆ వెంట్రుకలుండవు, అందుకని అవి కాటునే నమ్ముకుంటాయి. నీలంగా మెరిసే గుత్తి టరాంటులా ఆ కోవలోదే. 1899లో పోకాక్ అనే జంతుశాస్త్రవేత్త దాన్ని వర్ణించింది గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాతో. నిజంగా అది బతికేది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి చెట్ల తొర్రల్లో. ఇది చేరిన పొయికిలోథీరియా ప్రజాతిలోని సాలీళ్ళ కాటుకు మనిషి చావడు, కానీ కండరాలు పట్టేసి రోజుల తరబడి ఏడిపిస్తాయి. మెరుపులా కదులుతాయి. వీటికి తిండి పెట్టేటప్పుడు మూత సగమే తెరిచి, పట్టకారు పొడుగ్గా ఉన్నదే వాడండి. గుత్తి టరాంటులా అంతరించే అంచున ఉన్న జాతి, 2019 నుంచి సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. "నల్లమలలో మా చుట్టాలున్నారు, ఒకటి పట్టించి తెప్పించుకోనా?" అని అడిగేవాళ్ళకు నా జవాబు వద్దు అనే. కాగితాలు చూపించి, పెట్టెలో పుట్టిన పిల్లను అమ్మేవాళ్ళ దగ్గరైతేనే ఆలోచించండి. ఇండియాలో ఉంటే ముందు అటవీ శాఖను అడగండి.